క్యాండిడేట్ అంటే తెల్లబట్టల మనిషి

గుమ్మంలోకి వచ్చిన ఆడపిల్ల మొహం మీదే నేనలా పకపకా నవ్వి ఉండకూడదు. తప్పే. కానీ ఏం చేయను, ఆపుకోలేకపోయాను. ఆదివారం పొద్దున అమెరికాలో, షాంటిలీలోని మా ఇంటి బెల్లు మోగింది. తలుపు తీస్తే పాతికేళ్ళ తెలుగుపిల్ల. పేరు మేఘన అట. చేతిలో కరపత్రాల కట్ట, ఒంటి మీద కాటుకలాంటి నల్ల టీషర్టు, దాని మీద ఇంతింత అక్షరాలతో స్కూల్ బోర్డ్ క్యాండిడేట్ అని. "నమస్తే ఆంటీ, నేను స్కూల్ బోర్డ్‌కి రన్ చేస్తున్నా. మీ ఓటు నాకు కావాలి," అంది అమెరికా యాసలో, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. నేను ఆ నల్లచొక్కా వంక చూశాను, దాని మీద మాట వంక చూశాను, ఇంక తలుపు పట్టుకుని నవ్వడమే. లోపల సోఫాలో కూచున్న మా అమ్మ, ఎనభై నాలుగేళ్ళ మనిషి, "ఎవరే? ఏమైందే?" అని కేకేసింది. "క్యాండిడేటమ్మా! నల్లబట్టల్లో వచ్చింది!" అన్నాను. అంతే, ఆవిడ కూడా మొదలెట్టింది.

పాపం ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. "వాట్స్ సో ఫన్నీ, ఆంటీ?" అంటూ తన చొక్కా మీద ఏమైనా పడిందేమోనని చూసుకుంది. ఇంత పాపం మూటగట్టుకున్నాక ఊరికే పంపితే ఎలా? చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, అమ్మ పక్కన కూచోబెట్టి, కాఫీ కలిపిచ్చి, మా నాన్న క్యాండిడేట్ అయిన కథంతా చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కాస్త ఉప్పూకారం ఎక్కువ వేసి రాస్తున్నానంతే.

మేం మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చేనాటికి నాకు పదమూడేళ్ళు. నాన్న పేరు చంద్రశేఖరం, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. ఇంటికంతా ఒకటే వాసన: ఇంగువ పోపు. తివాచీలో ఇంగువ, పరదాల్లో ఇంగువ, మా చలికోట్లలో ఇంగువ. బయటికెళ్ళేముందు అమ్మ కోట్లన్నీ గరాజ్‌లో ఆరేసి, వాటి మీద ఏదో గులాబీ స్ప్రే కొట్టేది. అప్పుడు మేం గులాబీలు వేసి పోపు పెట్టిన మనుషుల్లా వెళ్ళేవాళ్ళం. ఇక నాన్నకు ప్రపంచంలో ఒకే ఒక జబ్బు, మొహమాటం. మంగలి దగ్గర కూచుంటే "చాలు" అనే మాట నోట రాదు. ఆ మనిషి సరదాపడి కత్తిరిస్తూ పోతాడు, ఈయన అద్దంలోంచి నవ్వుతూ ఉంటారు, చివరికి తిరుపతి వెళ్ళొచ్చినట్టు ఇంటికొస్తారు. పక్కింటి ముసలావిడ వారం వారం పంపే గుమ్మడికాయ కేకు ఆయనకు గొంతు దిగదు. అయినా ప్రతిసారీ "వండర్‌ఫుల్" అంటారు, మళ్ళీ వారం ఇంకొంచెం పెద్దది వస్తుంది. అమ్మ తల కొట్టుకుని, "మొహమాటానికి పోతే కడుపైందట, మీలాంటి దానికే!" అనేది.

ఆ మొహమాటమే ఆయన్ని ఎన్నికల్లోకి కూడా దింపింది. మా ఊళ్ళో చిన్న తెలుగు సంఘం ఉండేది. నెలకోసారి ఒక బడి క్యాఫెటేరియా అద్దెకు తీసుకుని, తలా ఒక వంటకం తెచ్చుకుని, పాటలు పాడుకుని, తిని, మిగిలినవి డబ్బాల్లో పంచుకుని వచ్చేవాళ్ళం. దానికి ప్రెసిడెంటు ప్రసాదరావు అంకుల్. ఎనిమిదేళ్ళుగా ఆయనే. ప్రతి ఏడూ "ఎవరైనా పోటీ చేసేవాళ్ళుంటే చెయ్యెత్తండి," అంటారు, ఎవరూ ఎత్తరు, చప్పట్లు కొడతారు, వడ్డన మొదలవుతుంది. ఆ ఏడు సరిగ్గా ఆ క్షణంలో మా నాన్న చెయ్యెత్తారు. ఎందుకూ? గదిలో హీటరు మరీ ఎక్కువైంది, కాస్త తగ్గించమని చెప్పడానికి! కార్యదర్శి కలం తీసి పేరు రాసుకుని, ఎన్నిక వచ్చే నెల అన్నాడు. వెనకనుంచి ఎవరో ఈల కూడా వేశారు. "నేను హీటరు గురించండీ," అంటే పోయేది. అంతమంది అటు తిరిగి చూస్తుంటే మా నాన్న నవ్వి, దణ్ణం పెట్టి, కూచున్నారు.

నవ్వులాటకేంగానీ, ఇంట్లో మాత్రం పిడుగు పడింది. ఎందుకంటే ప్రసాదరావు అంకుల్ భార్య సరళ ఆంటీ, మా అమ్మకు ఆ దేశం మొత్తమ్మీద ఉన్న ఒకే ఒక మనిషి. అమ్మకు కారు రాదు, ఇంగ్లీషు రాదు. శనివారం పదింటికల్లా సరళ ఆంటీ పొడుగాటి కారు మా ఇంటి ముందు రెండుసార్లు హారన్ కొట్టేది. అమ్మ చెప్పులో కాలు సగం పెట్టుకునే పరిగెత్తేది. ఇద్దరూ కలిసి కరివేపాకు దొరికే కొట్టు దాకా ముప్పావుగంట వెళ్ళి, ముప్పావుగంట వచ్చి, కారు మా వాకిట్లో ఆపుకుని మళ్ళీ గంట మాట్లాడుకునేవారు. కిటికీలోంచి చూస్తే చేతులు తిరుగుతూ కనిపించేవి. అమ్మ వారంలో మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క రోజు మీదే బతికేది. నాన్న చెయ్యెత్తిన మరుసటి శనివారం హారన్ మోగలేదు. తర్వాతి శనివారమూ మోగలేదు. అమ్మ చీర కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని పన్నెండు దాకా కూచుని, లేచి సంచీ తగిలించేసింది. "ఈ మంచుగడ్డల మధ్య నాకున్నది ఒక్క మనిషి. ఆ మనిషిని కూడా లేకుండా చేశారు కదండీ," అంది నాన్నతో. నాన్న కేకు ముక్క నోట్లో పెట్టుకుని తల దించుకున్నారు.

నాకు మాత్రం గెలుపు పిచ్చి పట్టింది. నాన్న గెలిస్తే అందరూ మా ఇంటికే వస్తారు, సరళ ఆంటీ కూడా రాక చస్తుందా అని నా లెక్క. దానికి తోడు అప్పుడే నా నెత్తికి లాటిన్ ఎక్కింది. ఆ బడిలో నేను లాటిన్ తీసుకోవడానికి కారణం చదువు మీద ప్రేమ కాదు. మిగతా క్లాసుల్లో ఇంగ్లీషు రానిదాన్ని నేనొక్కదాన్నే. లాటిన్ క్లాసులో ఎవరికీ ఏమీ రాదు! అందరం సమానంగా తెల్లమొహాలేసుకుని కూచునేవాళ్ళం. ఆహా, ఆ సుఖం ఏమని చెప్పను! పంతులమ్మ మిసెస్ కోవాల్స్కీ. బక్కపలచని మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు, చెయ్యంతా సుద్ద. మాటల పుట్టుక చెప్పడం మొదలెడితే ఆవిడ పెళ్ళివారింట్లో చుట్టరికాలు కలిపే పెద్దత్తయ్యలా అయిపోయేది. "మా నాన్న క్యాండిడేట్ అయ్యారు," అని నేను గొప్పగా చెప్పగానే ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని, "అయితే ఆయన తెల్లబట్టలు సిద్ధం చేసుకున్నారా?" అంది.

కాండేరే అంటే లాటిన్‌లో మెరవడం, తెల్లగా వెలగడం. కాండిడుస్ అంటే ధగధగలాడే తెలుపు. రోములో పదవికి పోటీ చేసేవాడు అలాంటి తెల్లని టోగా అనే పొడుగాటి వస్త్రం ఒంటికి చుట్టుకుని ఊరంతా తిరిగేవాడట. మామూలు తెలుపు చాలక, మెరవడానికి దాని మీద సుద్ద కూడా రుద్దించుకునేవాడట. అందుకని వాడు కాండిడాటుస్. తెల్లబట్టల మనిషన్నమాట. అదే మన క్యాండిడేట్. అలా జనం చుట్టూ తిరగడానికి వాళ్ళు పెట్టుకున్న పేరులోంచే యాంబిషన్ వచ్చింది. ఇక చుట్టాల జాబితా విప్పింది ఆవిడ. క్యాండిల్ ఈ ఇంటి పిల్లే. షాండ్లియర్ కూడా ఈ ఇంటి పిల్లే, కాకపోతే ఫ్రెంచి వాళ్ళింటికి కోడలుగా వెళ్ళి తీరు మార్చుకొచ్చింది. మనసులో ఏమీ దాచుకోనివాడు క్యాండిడ్. వేడెక్కి వెలిగే బల్బు ఇన్‌క్యాండిసెంట్. అంటించే అగరొత్తి ఇన్సెన్స్. ఇల్లు తగలబెట్టే బాంబు ఇన్‌సెండియరీ, ప్రతి వంశంలోనూ ఒకడుంటాడు కదా. వెనక బెంచీలో ఒకడు "మరి క్యాండీ?" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా వైపు వేలు చూపించి, "అది ఈ ఇంటిది కాదు, వీళ్ళ దేశంనుంచి వచ్చింది," అంది. మన ఖండశర్కరలోని ఖండమే అరబ్బు వర్తకుల వెంట ఊళ్ళన్నీ తిరిగి క్యాండీ అయిందట. క్లాసంతా నన్ను మిఠాయి కొట్టు యజమానిని చూసినట్టు చూసింది. అంతటితో ఆగిందా? "మీ నాన్నగారి పేరేమిటి?" అని అడిగి, చంద్రశేఖరం అని చెప్పగానే ఆవిడ సుద్దముక్క కింద పడేసింది. మన చంద్ర, వాళ్ళ కాండేరే ఎప్పుడో వేల ఏళ్ళనాడు ఒక తల్లి పిల్లలేనట. మా నాన్న పుట్టుకతోనే క్యాండిడేట్! ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటిదాకా మంచులో జారుతూ, పడుతూ, కొవ్వొత్తీ బల్బూ అగరొత్తీ అంటూ అరుచుకుంటూ పరిగెత్తాను.

నాన్న అంతా విని, "మనవాళ్ళు అభ్యర్థి అన్నారే. అంటే అడిగేవాడని," అన్నారు నెమ్మదిగా. నిజమే, రోమువాళ్ళు మనిషి బట్ట చూశారు, మనవాళ్ళు చాచిన చెయ్యి చూశారు. మా నాన్న బట్ట అయితే కట్టగలరు, చెయ్యి చాచలేరు. ఆ నెలంతా ఎవరింటికి ఓటడగడానికి వెళ్ళినా, కాఫీ తాగి, వాళ్ళ కారు చప్పుడు ఎందుకొస్తోందో చూసి, బాగుచేసి వచ్చేవారు. "అడిగారా?" అని అమ్మ అడిగితే, "వాళ్ళు భోంచేస్తున్నారు, అప్పుడేం బావుంటుంది?" అనేవారు. అందుకని బట్ట మీదే భారం వేశాం. పెళ్ళినాటి తెల్లపంచె, లాల్చీ పెట్టెలోంచి తీశాం. పొద్దున్నే వాషింగ్ మెషీన్లో వేశాం. మధ్యాహ్నం ఎన్నిక.

ఇక్కడే మా ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఘనకార్యం చేశాం. ఇండియానుంచి తెచ్చుకున్న నీలిమందు సీసా ఒకటుండేది. అమ్మ వెళ్ళి, బకెట్టుకి నాలుగు చుక్కలు, మెషీన్‌లో నాలుగు బకెట్లు పడతాయి కదా అని పదహారు చుక్కలు వేసి వంటకు వచ్చేసింది. నాన్న ఇంజనీరు కదా, గ్యాలన్లను లీటర్లలోకి మార్చి, కాగితం మీద లెక్క కట్టి, మందులిచ్చే గొట్టంతో కొలిచి ఇంకోసారి వేశారు. నేనేమో రోమువాళ్ళను తలుచుకుని, ఇంకాస్త మెరవాలని సీసా మూతెడు పోశాను. ఎవరికి వారు చడీచప్పుడు లేకుండా చేశాం. డ్రయ్యర్ మూత తెరిస్తే లోపల ఆకాశం ఉంది. పంచె నీలం, లాల్చీ నీలం, నాన్న ఆఫీసు బనీన్లు సైతం నీలం. "కృష్ణుడి వేషానికి పనికొస్తుంది," అంది అమ్మ. నాన్న నెమ్మదిగా సూటు వైపు నడిచారు. నేను ఏడుపు లంకించుకున్నాను. సూటు వేసుకుంటే క్యాండిడేట్ ఎలా అవుతారు నాన్నా అని. కన్నకూతురి దగ్గర కూడా మొహమాటమే ఆయనకు, ఆగిపోయారు. "రోమువాళ్ళు సుద్ద రుద్దుకునేవాళ్ళు!" అన్నాను. ఇంట్లో సుద్ద ఎక్కడిది? బియ్యప్పిండి ఉంది. వంటగది నేల మీద దుప్పటి పరిచి, మా నాన్నను మధ్యలో నిలబెట్టి, అమ్మా నేనూ చెరోవైపునుంచీ అప్పడాలకు పిండి అద్దినట్టు అద్దాం. దూరంనుంచి చూస్తే తెలుపే. కానీ తుమ్మితే నీలం.

కింద మంచు బూట్లు, మధ్యలో పంచె, పైన ఓవర్‌కోటు వేసుకుని నాన్న హాల్లోకి అడుగుపెట్టారు. కోటు విప్పగానే ఆయన చుట్టూ ఒక మబ్బు లేచింది. దణ్ణం పెడితే చిన్న మబ్బు, నవ్వితే ఇంకో మబ్బు. మగవాళ్ళంతా నల్లసూట్లలో ఉన్నారు. నాన్న ఎవరి భుజం మీద చెయ్యేస్తే అక్కడ తెల్లటి అయిదు వేళ్ళు దిగాయి. ఎవరిని కౌగిలించుకుంటే ఆ కోటు ముందుభాగం గోడకు సున్నం కొట్టినట్టయింది. కాసేపటికి ప్రసాదరావు అంకుల్‌కి కంగారు పుట్టింది. ఎందుకు పుట్టదూ? "నా ఓటు నీకే బావా" అని పొద్దున ఫోన్లో చెప్పినవాళ్ళందరి వీపు మీదా మా నాన్న వేళ్ళు! ఒకాయన గోడకు వీపు ఆనించి, పక్కపక్కకే నడుస్తూ కాఫీ తెచ్చుకున్నాడు. ఇంకొకాయన పెళ్ళాం చీర కొంగుతో దులిపించుకుంటున్నాడు. ఎనిమిదేళ్ళుగా ఎవరు ఎవరి మనిషో తెలియకుండా నడిచిన సంఘం, పావుసేరు పిండితో బట్టబయలైపోయింది. సరళ ఆంటీ మాత్రం అటు చివర బిగుసుకుని కూచుంది. మా అమ్మ ఇటు చివర. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఉండటానికే ఆ రోజంతా కష్టపడ్డారు.

మాట్లాడటానికి రెండు నిమిషాలిచ్చారు. నాన్న మైకు ముందు నిలబడి, గట్టిగా ఒక తుమ్ము తుమ్మి, మబ్బు విడిపోయాక మొదలెట్టారు. "నేను పోటీ చేద్దామని చెయ్యెత్తలేదండీ. హీటరు తగ్గించమని అడుగుదామనుకున్నాను. ఇప్పటికీ అలాగే ఉక్కపోస్తోంది." హాలు ఒక్కసారి గొల్లుమంది. ఆ పైన నీలిమందు, లెక్కలు, నా లాటిన్, బియ్యప్పిండి, ఏదీ దాచకుండా చెప్పేశారు. పంచె అంచు దులిపి నీలం చూపించారు కూడా. జనం బల్లలు చరిచారు, కళ్ళు తుడుచుకున్నారు. మా నాన్న అంతసేపు మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు. గెలిచేశాం అనుకున్నాను. చీటీలు వేశారు, లెక్కపెట్టారు. మూడు ఓట్ల తేడాతో ప్రసాదరావు అంకుల్ గెలిచారు.

తిరుగుదారిలో కార్లో నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నా లాటిన్ వల్లే, నా పిండి వల్లే నాన్న నవ్వులపాలై ఓడిపోయారని. నాన్న ఎర్ర లైటు దగ్గర కారాపి, గొంతు సవరించుకుని, "నీ వల్ల కాదే. నా ఓటు కూడా నేను ప్రసాదరావు గారికే వేశాను," అన్నారు. అమ్మ ముందుకు వంగింది. "ఏమన్నారూ?" "మనకి మనమే ఓటేసుకోవడం ఏం బావుంటుంది చెప్పు," అన్నారాయన. ఇక అమ్మ నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. ఆ రోజు మొదలు నాన్న పోయేదాకా, కూరలో ఉప్పు తగ్గినా, విమానం తప్పినా, "తన ఓటు తను వేసుకోలేని మనిషిని కట్టుకున్నాను, నాకీ రాత తప్పుతుందా!" అనేది. నాన్న మెత్తగా నవ్వి ఊరుకునేవారు. కానీ ఆ వచ్చే శనివారం పదింటికి మా ఇంటి ముందు హారన్ రెండుసార్లు మోగింది. గెలిచినవాళ్ళకి మనసు పెద్దదవుతుంది కాబోలు అనుకున్నాను. అమ్మ చెప్పులు లేకుండానే మంచులోకి పరిగెత్తింది.

ఇదంతా విని మేఘన సోఫాలో పడి నవ్వింది. ఫోన్లో తన ఇంటింటి జాబితా మరిచిపోయింది, కాఫీ చల్లారిపోయింది. ఇప్పటి పిల్లలు ఎంత హాయిగా అడుగుతారో అని నాకు అబ్బురంగా ఉంది. తలుపు కొట్టడం, ఓటు కావాలనడం, లేదంటే థ్యాంక్స్ చెప్పి పక్కింటికి వెళ్ళడం. నాన్న అలా ఒక్క గుమ్మం ముందు అడగగలిగి ఉంటేనా! అంతలో ఆ పిల్ల అమ్మ వైపు తిరిగి, మళ్ళీ అంతే మామూలుగా, "అమ్మమ్మా, మరి మీరు ఎవరికి ఓట్ చేశారు?" అంది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు. నాన్న అడగలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిన పనేముంది? అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. "ఇప్పుడెందుకే ఆ గోల," అంది. అనేసరికి నాకు వెలిగింది. "అమ్మా! నువ్వు కూడానా?" అన్నాను. మూడు ఓట్ల తేడా. ఆ రెండూ ఇటు పడి ఉంటే నాన్న ఒక్క ఓటుతో గెలిచేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా నాన్న ఇంట్లోనే రెండు సున్నాతో ఓడిపోయారన్నమాట! "పోయేదాకా ఆ మనిషిని సాధించావు కదే, ఎందుకు వేశావు అలా?" అని గోల పెట్టాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తున్నాను.

అమ్మ ఏమాత్రం తొణకలేదు. "సరళ మొగుడు ఓడిపోతే సరళ నాతో మాట్లాడదు," అంది. "మీ నాన్న ఓడిపోతే నాతో మాట్లాడక ఎక్కడికి పోతారే?"